వారసత్వపు అలక

మా నారంగివలస రైలు ఎందుకు పుట్టిందో ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు. ఊళ్లో ఎవర్నడిగినా మాత్రం చెబుతారు. వెనకటి జమీందారు గారికీ, ఆయన రాణీ గారికీ క్షణం పడేది కాదట. కోపం వచ్చినప్పుడల్లా ఆవిడ పల్లకీ ఎక్కి, కొండకి అవతల రెల్లిగెడ్డలో ఉన్న పుట్టింటికి బయల్దేరేది. ముందు బోయీలు, వెనకాల గుర్రం మీద బతిమాలుకుంటూ జమీందారు. దారి పొడుగునా జనం పనులు మానుకుని చూసేవారు. ఇది చాలా నామోషీగా ఉందని ఆయన ఆలోచించి, పరదాలు కట్టిన పెట్టెలో, పొగ చాటున, పరువుగా వెళ్లి రావచ్చని రైలు వేయించాడు. పెద్ద రైలుకి ఖజానా చాల్లేదు. అందుకని పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులకి కుదించాడు. రాణీ గారు ఆ రైలు ఒకే ఒక్కసారి ఎక్కింది. కుదుపులకి నడుం పట్టేసి, ఇక మీదట ఇంట్లోనే అలుగుతానని చెప్పేసింది. అలా రైలు వల్ల జమీందారు కాపురం నిలబడింది.

తరవాత జమీందారీలు పోయాయి. రైలు ప్రభుత్వం చేతికొచ్చింది. బొగ్గింజను పోయి డీజిలింజను వచ్చింది. జనం మాత్రం ఆ చిన్న పెట్టెల్లోనే చింతపండు బుట్టలు, చీపురు కట్టలు, అనాసపళ్లు వేసుకుని కొండెక్కి దిగుతూనే ఉన్నారు. కొండ మీదికి బస్సు రాదు మరి. మా బండిని పరిగెత్తి అందుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నడిచి అందుకుంటారు. ఎక్కుడు దారిలో అయితే కొందరు కాస్త ముందుకెళ్లి, చుట్ట కాల్చుకుంటూ దాని కోసం ఆగుతారు.

నేను రెల్లిగెడ్డ బళ్లో మాస్టర్ని. రోజూ పొద్దున్న బండికి నారంగివలస నుంచి వెళ్లి, సాయంత్రం బండికి తిరిగొస్తాను. వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తరవాత అది ప్రభుత్వ వ్యవహారం అయింది.

నష్టాల్లో ఉందని మా రైలుని మూసేస్తారని చాలా ఏళ్లుగా అనుకుంటున్నదే. ఆ ఏడు మాత్రం పట్టాలు కొలిచే మనుషులు కూడా వచ్చి వెళ్లారు. సరిగ్గా అప్పుడే రాజధానిలో వారసత్వం అనే ఊపు మొదలైంది. పెద్దవాళ్లెవరో విదేశాలకి వెళ్లి, అక్కడ పాత రైళ్లని ముద్దు చేసుకోవడం చూసి వచ్చారట. వెంటనే జీవవారసత్వ పరిరక్షణ మండలి అని ఒకటి పెట్టారు. ఆ మండలి డిప్యూటీ డైరెక్టరు డాక్టర్ చతుర్వేదుల హరనాథ్ గారు మా లైను చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆయనకి నచ్చితే రైలు ఉంటుంది, లేకపోతే తుక్కు కింద పోతుంది.

మా స్టేషన్ మాస్టరు వడ్డాది జగన్నాథం గారు స్టేషనుకి సున్నం వేయించడానికి మనుషుల్ని మాట్లాడారు. బెంచీలకి రంగు తెప్పించారు. ఆ రంగు డబ్బా మూత తియ్యకముందే, చెప్పిన రోజుకి ముందురోజు పొద్దున్న, హరనాథ్ గారు జీపు దిగి తిన్నగా వచ్చి బండెక్కేశారు. జగన్నాథం గారు కూడా గాభరాగా ఆయన వెనకాలే ఎక్కారు.

ఆ పెట్టెలో నేను నిద్రపోతున్నాను. నాకెదురుగా లెంక వరహాలమ్మ కూర్చుంది. ఆవిడ మా ఊళ్లో బట్టలు కుడుతుంది. బడిపిల్లల గౌన్లూ నిక్కర్లూ అన్నీ ఆవిడ చేతివే. మొగుడు పోలినాయుడికి స్టేషను గేటు పక్కనే సైకిళ్ల పంక్చర్లు వేసే కొట్టు. ఆవేళ ఆవిడ ఇంజనుకి వీపు పెట్టి, ఇనపపెట్టె ఒళ్లో పెట్టుకుని, మూతి ముడుచుకుని కూర్చుంది. బండి కదిలింది. కిటికీ బయట పోలినాయుడు బండితో సమంగా నడుస్తున్నాడు.

"ఒలే వరాలూ, దిగిపోయే. ఊరంతా చూస్తన్నారు."

"చూడనీ. నాకేటి సిగ్గు? పెల్లాం కుట్టు మిషను అప్పకిచ్చీసినోడికి ఉండాల సిగ్గు."

"ఇచ్చీసినానేటి? అరువిచ్చినాను. వారం రోజులన్నాది అప్ప."

"ఏ నెల్లో వారం?"

పోలినాయుడు అడ్డొచ్చిన బెంచీని చుట్టుకుని మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చాడు. హరనాథ్ గారు కళ్లజోడు సవరించుకుని ఇదంతా శ్రద్ధగా చూశారు. నేను నిద్రపోతున్నానని రిపోర్టులో ఉంది గాని, అప్పటికి నాకు మెలకువ వచ్చేసింది. కళ్లు తెరవడానికి బద్ధకించానంతే.

"ఈవిడ ఎవరు?" అని ఆయన జగన్నాథం గారిని అడిగారు.

"అలిగి పుట్టింటికి వెళ్తోంది సార్. మా దగ్గర మామూలే."

"మామూలా? అంటే, పరంపరా?"

జగన్నాథం గారు తన సర్వీసులో ఏనాడూ పై అధికారి మాట కాదని ఎరగరు. "పరంపరే సార్" అన్నారు. ఊరుకోకుండా రాణీ గారి కథ కూడా చెప్పారు.

హరనాథ్ గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "మార్గముంది, మార్గానికి ఆత్మ కూడా ఉంది. ఇన్నాళ్లూ మీరు గుర్తించలేదు" అన్నారు. జగన్నాథం గారు తప్పయిపోయినట్టు తలవంచుకున్నారు.

రెల్లిగెడ్డలో దిగి వరహాలమ్మ పుట్టింటికి పోయింది. ఆ సాయంత్రమే పోలినాయుడు వాళ్లప్ప, అంటే అక్క, ఇంటికెళ్లి, మిషను రిక్షాలో వేయించుకుని వచ్చాడు. మర్నాడు వరహాలమ్మ కూడా వచ్చేసింది. మొగుడూ పెళ్లాల మధ్య గొడవ అక్కడితో అయిపోయింది. మండలి దగ్గర మాత్రం అప్పుడే మొదలైంది.

కొన్నాళ్లకి ఉత్తర్వు వచ్చింది. మా రైలుని వారసత్వ మార్గంగా ప్రకటించారు. పట్టాలు పీకరు. ఊరు ఊరంతా స్టేషనుకి వచ్చి మిఠాయిలు పంచుకుంది. జగన్నాథం గారు ఉత్తర్వు చేత్తో పట్టుకుని నన్ను పక్కకి పిలిచారు.

"మాస్టారూ, షరతులున్నాయి" అన్నారు.

ఆయనే చదివి వినిపించారు. "సదరు మార్గమునందలి స్థిర, చర, జీవ అంశములన్నియు తనిఖీ దినమున ఏ స్థితియందుండెనో అదే స్థితియందు శాశ్వతముగా కొనసాగింపబడవలెను. ఏ ఒక్క అంశము లోపించినను హోదా రద్దగును." అంటే సున్నం వెయ్యకూడదు. మూత తెరవని రంగు డబ్బా మూత తెరవకుండానే ఉండాలి. తిరగని ఫ్యాను బాగుచెయ్యకూడదు. ఇక జీవ అంశాలు. నన్ను 'నిద్రావస్థలోనున్న ఉపాధ్యాయుడు, వివృత వదనం' అని రాశారు. నోరు తెరిచి ఉన్నానన్నమాట. నాకేమీ అభ్యంతరం అనిపించలేదు. నా ఉద్యోగ జీవితంలో నాకు బాగా చేతనైన పని ప్రభుత్వం అడగడం అదే మొదటిసారి.

"తరవాతది వినండి" అన్నారు జగన్నాథం గారు. "అలిగిన గృహిణి, ఇనపపెట్టె సహితం. అనుబంధ అంశం, బతిమాలుచున్న భర్త."

ఇద్దరం వరహాలమ్మ ఇంటికి వెళ్లాం. ఆవిడ వాకిట్లో మిషను తొక్కుతోంది. పోలినాయుడు పక్కన కూర్చుని గౌన్లకి గుండీలు అందిస్తున్నాడు. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు చూడగానే జగన్నాథం గారి మొహం వాడిపోయింది.

విషయం విని వరహాలమ్మ మిషను ఆపింది. "అలగాలా? మిషను వచ్చీసినాది కద బావూ. ఇంకెందుకు అలుగుతాను?"

"ప్రభుత్వ ఉత్తర్వు అమ్మా."

"ప్రభుత్వం అలగమంటే అలుగుతారేటి ఎవరైనా?"

జగన్నాథం గారు నెమ్మదిగా చెప్పారు. అలగకపోతే పట్టాలు పీకేస్తారు. రెల్లిగెడ్డ ఆడవాళ్లు కాన్పుకి దిగాలన్నా, ఆవిడ తల్లి కంటి మందుకి రావాలన్నా ఆ బండొక్కటే దిక్కు. వరహాలమ్మ చేతిలో గౌను మడత పెట్టింది.

"ఎంతదాకా అలగాల?"

"రెల్లిగెడ్డ దాకా. సాయంత్రం బండికి మామూలుగా వచ్చేయొచ్చు."

"దారిలో మద్దిగుడ్డి టేసన్లో బండాగితే టీ తాగొచ్చా?"

"మొహం అటు తిప్పుకుని తాగమ్మా."

పోలినాయుడు గుండీల డబ్బా కింద పెట్టాడు. "మరి నానేటి చెయ్యాల?"

"నువ్వు బతిమాలాలి. స్టేషను దాటి గేటు దాకా."

"ఎన్నాల్లు?"

"శాశ్వతంగా అని రాశారు."

"అదేటి కొత్త కాదులెండి" అన్నాడు పోలినాయుడు.

ఆ విధంగా మా ఊళ్లో అలక ఒక ప్రభుత్వ కార్యక్రమం అయింది. రోజూ పొద్దున్న వరహాలమ్మ ఇనపపెట్టె పట్టుకుని వచ్చి ఇంజనుకి వీపు పెట్టి కూర్చునేది. బళ్లకి సెలవులిచ్చినా మానకుండా నేను ఎదురుగా కూర్చుని నోరు తెరిచేవాణ్ణి. పోలినాయుడు కిటికీ పక్కన నడిచేవాడు. పేపర్లో వార్త పడ్డాక విశాఖ నుంచి జనం రావడం మొదలైంది. వాళ్లు మొదట వరహాలమ్మని ఫొటో తీసుకునేవారు, తరవాత పోలినాయుణ్ణి, ఆ తరవాత ఒకరిద్దరు నన్ను. ఒకావిడ నా నోట్లోకి తొంగి చూసి, లోపల కూడా పాతదేనా అని వాళ్లాయన్ని అడిగింది.

హరనాథ్ గారు నారంగివలస అతిథిగృహంలో మకాం పెట్టి స్వయంగా పర్యవేక్షించసాగారు. పోలినాయుడి మాటలు ఆయనకి తృప్తినివ్వలేదు. "ఒలే దిగిపోయే" అనడంలో రాజవంశ ఔచిత్యం లోపించిందన్నారు. మండలిలో సంభాషణల ఉపసంఘం కూర్చుని కొత్త మాటలు రాసి పంపింది. 'ఓ సతీమణీ, కినుక వీడుము. గృహసీమకు మరలి రమ్ము.' పోలినాయుడు వాటిని కొట్లో ట్యూబులు నీళ్లలో ముంచుతూ రెండ్రోజులు వల్లెవేశాడు. మూడోరోజు బండి కదలగానే కిటికీ పట్టుకుని గట్టిగా అన్నాడు.

"ఓ సత్తెమ్మణీ, కనక వీడుము."

వరహాలమ్మ గిరుక్కున తిరిగింది. "సత్తెమ్మెవులు?"

"నాకేటి తెలుసు? ఆల్లే రాసినారు."

"కనకమెవులు మరి? ఇద్దరున్నారేటి?"

ఆవిడ ఎంతో ఆపుకుంది. చివరికి ఇనపపెట్టె మీద తలపెట్టి పడీపడీ నవ్వింది. పెట్టెలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేను కూడా నిద్రలోనే నవ్వాను. ఆ సాయంత్రమే మెమో వచ్చింది. విధినిర్వహణలో ఉన్న అలక అంశము బహిరంగముగా దంతములు ప్రదర్శించినట్లు తెలియవచ్చినందున ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. వరహాలమ్మ ఆ కాగితం నా దగ్గరికి తెచ్చింది. నవ్వలేదనీ, కోపంతో పళ్లు నూరడం వల్ల అవి కనిపించాయనీ రాసిచ్చాను. మండలి అంగీకరించింది.

కానీ దాని తరవాత వరహాలమ్మకి అలక నిలవడం కష్టమైంది. మొగుడు కిటికీ దగ్గరికి రాగానే పెదాలు వణికేవి. పైగా రోజంతా బండిలోనూ రెల్లిగెడ్డలోనూ గడిచిపోవడంతో కుట్టుపని వెనకబడింది. బళ్లు తెరిచే రోజు దగ్గరపడుతోంది. తెల్లారకట్ల లేచి కొంత, సాయంత్రం వచ్చాక కొంత మిషను తొక్కేది. పాపం, నిద్ర చాలక బండిలో నాకంటే ముందు ఆవిడే కునికేది. జగన్నాథం గారు వచ్చి మెల్లిగా తట్టి, "అమ్మా, అలక" అనేవారు.

హరనాథ్ గారు దీని గురించి లోతుగా ఆలోచించారు. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద జగన్నాథం గారితో ఇలా అన్నారు. "లోపం ఎక్కడుందో గ్రహించాను. మనం ఫలితాన్ని పరిరక్షిస్తున్నాం గాని కారణాన్ని పరిరక్షించడం లేదు. మూలకారణ పునరుద్ధరణ జరగాలి."

ఆ పునరుద్ధరణ ఒక ఆదివారం జరిగింది. జీపు వచ్చి వరహాలమ్మ వాకిట్లో ఆగింది. అందులోంచి హరనాథ్ గారు, ఇద్దరు జవాన్లు, పోలినాయుడి అప్ప తవిటమ్మ దిగారు. తవిటమ్మ మొహం చూస్తే ఆవిణ్ణి పోలీసులు తెచ్చినట్టుంది.

"అంశాన్ని స్వీకరించండి" అన్నారు హరనాథ్ గారు మిషను చూపిస్తూ.

"నాకొద్దు బావూ" అంది తవిటమ్మ. "నాను కొత్త మిషను కొనుక్కున్నాను. ఇది నానేటి చేసుకుంటాను?"

"మీకు అవసరమా లేదా అన్నది అప్రస్తుతం. తనిఖీ దినమున ఇది మీ గృహములో ఉండెను. ఉండవలెను."

పోలినాయుడు అడ్డం వచ్చాడు. "బావూ, పిల్లల బట్టలున్నాయి దాని మీద. సగం కుట్టినాది."

"ప్రభుత్వ కార్యానికి భంగం కలిగించరాదు" అన్నారు హరనాథ్ గారు. సౌమ్యంగానే అన్నారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు. జవాన్లు సూది కింద ఉన్న నీలం గౌను జాగ్రత్తగా లాగి వరహాలమ్మ చేతికిచ్చి, మిషనుకి బంతిపూల దండ వేసి, జీపెక్కించారు. తవిటమ్మ వెనక సీట్లో మిషను పక్కన కూర్చుని మరదలి వైపు చూడలేక తల దించుకుంది. వరహాలమ్మ గౌను చేత్తో పట్టుకుని, జీపు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది.

మర్నాడు పొద్దున్న బండికి వచ్చింది. ఇంజనుకి వీపు పెట్టి కూర్చోలేదు. మూతి ముడవలేదు. కిటికీలోంచి కొండ వైపు తిన్నగా చూస్తూ కూర్చుంది. పోలినాయుడు పక్కన నడిచాడు గాని, రాసిచ్చిన మాటలు గాని, సొంత మాటలు గాని అనలేకపోయాడు. గేటు దగ్గర ఆగిపోయి, "జాగర్తే" అన్నాడు. ఆవిడ తలాడించింది. నేను ఆవేళ నోరు తెరవడం మరిచిపోయాను. విశాఖ నుంచి వచ్చినవాళ్లు తమలో తాము, ఈవిడ అలిగినట్టే లేదు, డబ్బులు దండగ అనుకున్నారు. హరనాథ్ గారు కూడా పెదవి విరిచి, భావప్రకటన బలహీనం అని రాసుకున్నారు.

సాయంత్రం బండికి వరహాలమ్మ తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున్న సీటు ఖాళీ. హరనాథ్ గారు ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూశారు. "జీవ అంశం ఎక్కడ?"

"పుట్టింట్లో ఉంది సార్. నిజంగా అలిగింది" అన్నారు జగన్నాథం గారు.

"మంచిదే కదా. అలిగితే బండిలో ఉండాలి."

"నిజంగా అలిగినవాళ్లు వెళ్లిపోతారు సార్. వెళ్లిపోయాక బండిలో ఉండరు."

హరనాథ్ గారికి ఈ కోణం తట్టలేదు. అంశం లోపిస్తే హోదా రద్దు అన్నది ఆయన స్వయంగా రాసిన షరతు. రద్దు చెయ్యాల్సిందీ ఆయనే. చేస్తే, అంత ఆర్భాటంగా ప్రకటించిన మొదటి మార్గం పోగొట్టినవారూ ఆయనే అవుతారు. ముందు నాటకాల కంపెనీ నుంచి ఒకావిణ్ణి తెప్పించి కూర్చోబెట్టారు. ఆవిడ గేటు దాటగానే పద్యం ఎత్తుకుంది. రెల్లిగెడ్డ దాకా దింపలేదు. మర్నాటికి ఆవిణ్ణి పంపేసి, హరనాథ్ గారు తనే బండెక్కారు. వెంట జగన్నాథం గారు, పోలినాయుడు. నేనెలాగూ ఉన్నాను.

రెల్లిగెడ్డలో వరహాలమ్మ తల్లి ఇల్లు బడికి దగ్గరే. తల్లి ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చునుంది. వరహాలమ్మ పక్కన చాప మీద కూర్చుని, మిషను లేక, గౌన్లు చేత్తోనే కుడుతోంది. వేలికి గుడ్డ చుట్టుకుంది. మమ్మల్ని చూసి లేవలేదు.

హరనాథ్ గారు నిలబడి మొదలుపెట్టారు. "శ్రీమతి వరహాలమ్మ గారూ, జాతి సంపదను కాపాడవలసిన గురుతర బాధ్యత మనందరిపైనా..."

"బడి తెరిచీసినారు బావూ" అంది వరహాలమ్మ. "పిల్లలు చిరుగుల గౌన్లేసుకుని ఎల్తన్నారు. నా దగ్గర గుడ్డిచ్చి మూడు వారాలైంది ఆల్ల అమ్మలు. నాకు మొహం చెల్లట్లేదు."

"ఆ సంగతి విచారిస్తాం. ప్రస్తుతం మీరు మీ భర్త బతిమాలినంతనే..."

"ఆడి మీద నాకు కోపమేటి? ఈసారి ఆడు మిషనివ్వలేదు. అడ్డం కూడా వచ్చినాడు. అట్టుకుపోనాది మీరు."

"నేను కాదమ్మా. మండలి."

"మండలంటే ఎవులు?"

"మండలి అంటే..." హరనాథ్ గారు ఆగారు. "ఒక వ్యవస్థ."

"అయితే ఆ యవస్థని రమ్మను. బతిమాలితే వస్తాను" అని ఆవిడ దారం పంటితో తెంపింది.

తల్లి అరుగు మీంచి అంది, "బాగా బతిమాలాల. మా అమ్మి ఊరికే రాదు."

హరనాథ్ గారు సాయం కోసం జగన్నాథం గారి వైపు చూశారు. జగన్నాథం గారు ఎప్పట్లాగే సాయం చెయ్యాలనే అనుకున్నారు. "నాలుగో నిబంధన సార్" అన్నారు. "అలకకు కారకులైనవారే బతిమాలవలెను. ప్రత్యామ్నాయ వ్యక్తులను అనుమతించరాదు. తమరే రాశారు. కారకులు మారారు గనక..." మిగతాది మర్యాద కోసం మింగేశారు.

ఆ సాయంత్రం బండికి మాతో తిరిగొచ్చి, మర్నాటి నుంచి వరహాలమ్మ మళ్లీ నారంగివలసలో బండెక్కింది. ఇంజనుకి వీపు పెట్టి కూర్చుంది. బండి కదిలింది. కిటికీ బయట డాక్టర్ హరనాథ్ గారు బూట్లు వేసుకుని, కంకరరాళ్ల మీద తూలుకుంటూ నడిచారు. పోలినాయుడు కొట్టు ముందు నిలబడి చూశాడు.

"వరహాలమ్మ గారూ, తమ నిర్ణయాన్ని తమరు దయతో పునఃపరిశీలించవలసిందిగా ప్రార్థన" అన్నారు హరనాథ్ గారు.

ఆవిడ మొహం అటు తిప్పుకుంది. ఇప్పుడు ఆవిడకి ఏమాత్రం కష్టం లేదు. ఆయన్ని చూస్తే అలక దానంతటదే వచ్చేది. విశాఖ జనం రెట్టింపయ్యారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, తను చూసిన అలకలన్నిటిలోకీ ఇది అసలైనది అని కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరక్కుండా హరనాథ్ గారు మిషను వెనక్కి పంపించేశారు. పంపించి, కిటికీ పట్టుకుని ఆశగా అడిగారు. "మిషను వచ్చింది కదమ్మా. ఇక మన్నించవచ్చు కదా."

"నాకు మన్నించాలనే ఉన్నాది బావూ" అంది వరహాలమ్మ. ఆవిడ నిజంగానే జాలిపడింది. "కాని మన్నిస్తే మీ రూలు పోతాది. రైలు కూడా పోతాది. ఏటి చేద్దాం?"

వానలు పడ్డాయి. ఆయన గొడుగేసుకుని నడిచారు. పోలినాయుడు చూడలేక తన రబ్బరు చెప్పులిచ్చి, ఎడం పక్క రాళ్లు తక్కువ, అటు నడవండి బావూ అని దారి చూపించాడు. బతిమాలేటప్పుడు పేరు పెట్టి పిలవకూడదనీ, కాస్త ఆయాసపడితే బాగుంటుందనీ కూడా చెప్పాడు. ఆయాసం విషయంలో హరనాథ్ గారికి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. అలా నడుస్తూ ఒకరోజు పట్టాలు చీలే పాయింట్ల దగ్గర చీలమండ బెణికింది. కట్టు కట్టి, మంచం దిగకూడదన్నాడు డాక్టరు.

మర్నాడు బతిమాలడానికి ఎవరు? జగన్నాథం గారు నిబంధనలన్నీ తిరగేసి రాజధానికి ఫోన్ చేశారు. కారకులైన అధికారి అశక్తులైనచో ఆ బాధ్యత తక్షణ పై అధికారికి సంక్రమించును అని ఉందనీ, కాబట్టి డైరెక్టరు గారు మర్నాడు పొద్దున్న బండి వేళకి నారంగివలస చేరాలనీ, రబ్బరు చెప్పులు ఇక్కడ సిద్ధంగా ఉన్నాయనీ ఎంతో వినయంగా మనవి చేశారు.

మా రెల్లిగెడ్డ బడి పైకప్పు కోసం నేను పెట్టిన అర్జీ తొమ్మిదేళ్లుగా రాజధానిలో ఉంది. ఈ విషయం మీద మాత్రం ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే సవరణ వచ్చేసింది. వారసత్వ హోదా పట్టాలకీ, పెట్టెలకీ, ఇంజనుకీ మాత్రమే వర్తిస్తుందనీ, ప్రాణమున్న వాటన్నిటికీ తక్షణం మినహాయింపు ఇవ్వడమైనదనీ అందులో ఉంది. జగన్నాథం గారు దాన్ని చదివి, మడతపెట్టి బల్ల సొరుగులో పెట్టారు. ఆ తరవాత ఇంటికెళ్లి పడుకున్నారు.

హరనాథ్ గారు కుంటుకుంటూ వెళ్లిపోయే రోజున వరహాలమ్మ స్టేషనుకి వచ్చి, దారిలో తినడానికి రాగిపిండితో పోసిన చోడి అట్లు కట్టిచ్చింది. ఆయన పొట్లం పుచ్చుకున్నారు. "నా మీద కోపం లేదు కదమ్మా" అన్నారు, మామూలు తెలుగులో.

"లేదు బావూ. ఎల్లిరండి."

బండి ఇప్పటికీ నడుస్తోంది. ఒక శనివారం నేను ఎప్పట్లాగే కిటికీ పక్కన కూర్చునుండగా, వరహాలమ్మా పోలినాయుడూ కలిసి ఎక్కారు. తల్లికి కంటి కట్టు విప్పారట, చూడ్డానికి వెళ్తున్నారు. పక్కపక్కనే కూర్చున్నారు. మద్దిగుడ్డి దాటాక వరహాలమ్మ సంచీలో చెయ్యి పెట్టి ఏదో తడిమి, చేపల వాసనకి ఆగిపోయింది.

"ఇదేటి, ఎండు నెత్తళ్లు తెచ్చినావా?"

"మీ యమ్మకి ఇష్టమని."

"శనారం నాడా? మా అమ్మ శనారం నీసు ముట్టదని పెల్లయిన కాణ్ణుంచి చెప్తన్నాను. ఒక్కమాటైనా చెవిన పెట్టినావా ఎప్పుడైనా?"

"రేపు తింటాది. దానికింత రాద్ధాంతమేటే?"

"రాద్ధాంతమా? నాను రాద్ధాంతం చేస్తన్నానా?" ఆవిడ గొంతు లేచింది. పెట్టె అటు చివర, మెళ్లో కెమెరా వేసుకున్న పెద్దమనిషొకడు ఆసక్తిగా ఇటు తిరిగాడు.

పోలినాయుడు అతన్ని చూశాడు. వెంటనే పెళ్లాం చెవి దగ్గరికి వంగాడు.

"మెల్లిగా తిట్టవే" అన్నాడు. "ఎవులైనా విన్నారంటే దీన్ని కూడా కాపాడీగల్రు."